పాత మినీ డ్రాఫ్టర్ కొనేముందు ఈ పరీక్ష చేయండి

హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ లాంటి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మొదటి ఏడాది చేరేవాళ్లు ఇంజినీరింగ్ డ్రాయింగ్ కోసం సీనియర్ల దగ్గరో కోఠిలోనో పాత మినీ డ్రాఫ్టర్ తీసుకోవచ్చు. బోర్డుకు క్లాంపుతో బిగించి, కీళ్లున్న కడ్డీల చివర ఉండే అడ్డం, నిలువు స్కేళ్లతో గీతలు గీసే పరికరం ఇది. డబ్బు మిగులుతుంది. కానీ చూసి తీసుకోండి.

క్లాంపును బోర్డు ఎడమ పై మూలన గట్టిగా బిగించండి. అడ్డం స్కేలుతో షీటు పైన ఒక గీత, అడుగున ఒక గీత గీసి, రెండు చివర్లా వాటి మధ్య దూరం కొలవండి. సమానంగా లేకపోతే కీళ్ల మరలు వదులయ్యాయి. బిగించి మళ్లీ గీయండి. అప్పటికీ తేడా ఉంటే కడ్డీలు వంగినట్టే, అది ఎంత చవకైనా వద్దు.

తర్వాత లంబకోణం. అడ్డంగా 120 మి.మీ., అదే చివర నుంచి నిలువుగా 90 మి.మీ. గీసి కొసలు కలపండి. 150 రావాలి. ఒక డిగ్రీ తప్పినా మిల్లీమీటరుకు పైగా తేడా కనిపిస్తుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఫస్ట్ యాంగిల్ అనే గీసే పద్ధతిలో ఎక్స్‌వై గీతకు, అంటే రెండు బొమ్మలను విడదీసే అడ్డగీతకు, పైన ఫ్రంట్ వ్యూ (ముందు నుంచి కనిపించే రూపం), కింద టాప్ వ్యూ (పై నుంచి కనిపించే రూపం) వస్తాయి. నిలువు గీత కాస్త వాలినా రెండూ ఒకదాని కింద ఒకటి కుదరవు, షీటు మొత్తం మళ్లీ వేయాలి.

షీటు గీస్తుండగా మధ్యలో క్లాంపు మాత్రం వదులు చేయకండి. ముందు తేలిగ్గా వేసుకునే నిర్మాణ గీతలకు 2హెచ్, అసలు గీతలకు హెచ్ పెన్సిల్ చాలు.