గ్లైడర్ నేర్చుకోవడానికి ఖర్చెంత? ముందు ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌కు దరఖాస్తు చేయండి

వరంగల్ పక్కనున్న మామునూరు రన్‌వే చూస్తూ పెరిగిన పిల్లలకు ఎగరాలన్న ఆశ ఉంటుంది. హన్మకొండలో తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగేది గ్లైడర్ ఖర్చు గురించే.

గ్లైడర్ అంటే గాలి మీద తేలే చిన్న విమానం. దానికి ఇంజిన్ లేదు కదా, చౌకే అనుకుంటాం. అసలు ఖర్చు దాన్ని పైకి లేపడంలో ఉంది. నేల మీది వించ్ (తాడు చుట్టే యంత్రం) తాడుతో లాగితే తక్కువ, మరో విమానంతో లాగిస్తే ఎక్కువ. వించ్‌తో లేచిన కొత్తవాళ్లు కొన్ని నిమిషాల్లోనే దిగిపోతారు. చేయి కుదరాలంటే పదుల సార్లు లేవాలి. పౌర విమానయానాన్ని చూసే కేంద్ర సంస్థ డీజీసీఏ గ్లైడింగ్ సెంటర్ పుణె హడప్సర్‌లో ఉంది. అంటే రూము, తిండి, రైలు చార్జీలు అదనం. బ్యాచ్ నడుస్తోందా, ఒక్కో లాంచ్‌కు (ఒకసారి పైకి లేపడానికి) ఎంత తీసుకుంటారో కనుక్కున్నాకే టికెట్ తీయండి. స్టూడెంట్ లైసెన్స్‌కు 16 ఏళ్లు నిండాలి, టెన్త్ పాసవ్వాలి, మెడికల్ ఫిట్‌నెస్ ఉండాలి.

అంత డబ్బు పెట్టేముందు ఎన్‌సీసీలో వాయుసేన తరహా శిక్షణ ఇచ్చే విభాగం, ఎయిర్ వింగ్ ప్రయత్నించండి. అక్కడ ఎక్కించేది గ్లైడర్ కాదు, ఇంజిన్ ఉన్న చిన్న తేలికపాటి విమానం, మైక్రోలైట్. లైసెన్స్ కూడా రాదు. కానీ ఎగరడం మన పిల్లకు పడుతుందో లేదో తెలిసిపోతుంది. దరఖాస్తుకు ఫీజు లేదు, ఎగిరే ఖర్చు ప్రభుత్వానిదే.

దరఖాస్తు కాలేజీ ద్వారానే చేయాలి. అందుకే డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో సీటు తీసుకునేముందే ఆ కాలేజీలో ఎయిర్ వింగ్ ఉందా అని అడగండి. తెలియకపోతే వరంగల్ ఎన్‌సీసీ గ్రూప్ కార్యాలయంలో అడగొచ్చు. చేరిన మొదటి వారంలోనే కాలేజీలో ఎన్‌సీసీ చూసే ఏఎన్‌ఓ సార్‌ను కలవండి, సీట్లు కొన్నే ఉంటాయి. ఆధార్, టెన్త్ మెమో, బోనఫైడ్, ఫొటోలు, మెడికల్ సర్టిఫికెట్, తల్లిదండ్రుల అంగీకార పత్రం, విద్యార్థి పేరు మీదే బ్యాంకు పాస్‌బుక్ సిద్ధంగా పెట్టుకోండి. ఖాతా లేకపోతే ఎస్‌బీఐ 'పెహలీ ఉడాన్' కింద క్యాడెట్లకు జీరో బ్యాలెన్స్ ఖాతా ఇస్తుంది. యూనిఫాం డబ్బు అందులోనే పడుతుంది.

పేర్లు మాత్రం అక్షరం అక్షరం సరిచూడండి. మా అన్న కూతురి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. ఆధార్ సరిచేయించి తెచ్చేసరికి సీట్లు నిండిపోయాయి. ఆ రోజు ఆ పిల్ల అన్నం తినలేదు. ఇంటర్ సెలవుల్లోనే ఆ పని చేయించి ఉండాల్సింది.

ఎంపికలో పరుగు, రాత పరీక్ష, ఇంటర్వ్యూ ఉండొచ్చు. టెన్షన్ పడొద్దు, రోజూ పొద్దున పరుగెత్తడం అలవాటు చేయండి. చేరాక పరేడ్‌లు మానకుండా ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ సాధిస్తే, వాయుసేన ఆఫీసర్ల ఎంపికకు పెట్టే ఏఎఫ్‌క్యాట్ రాత పరీక్ష లేకుండానే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో వాయుసేన ఫ్లయింగ్ బ్రాంచికి దరఖాస్తు చేసుకోవచ్చు.