ఇనుముతో రాగి పొడి దించేటప్పుడు వచ్చే తేడాలు

రాగి సల్ఫేట్ ఉన్న లీచ్ ద్రావణంలో (ఖనిజంలోని రాగిని ఆమ్లంతో కరిగించి తీసిన ద్రావణం) తుక్కు ఇనుము వేస్తే ఇనుము కరుగుతుంది, రాగి పొడిగా దిగుతుంది. దీన్నే సిమెంటేషన్ అంటారు. తేడా వస్తే చాలామంది ఇనుమును అనుమానిస్తారు. ముందు ద్రావణం సంగతి చూడమని నా మాట.

ఇనుము మితిమీరి ఖర్చవుతోందా?

లెక్క ప్రకారం కిలో రాగికి 0.88 కిలోల ఇనుము చాలు. ఆచరణలో ఎప్పుడూ ఎక్కువే పడుతుంది. రెట్టింపు దాటిందంటే మాత్రం దాన్ని వేరేవి తింటున్నాయి. బుడగలు జోరుగా వస్తుంటే ఆమ్లం ఎక్కువైనట్టు. వచ్చేది హైడ్రోజన్, కాబట్టి గాలి బాగా ఆడాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. పీహెచ్‌ను 2 దగ్గరికి తెచ్చుకోండి. బుడగలు లేకున్నా ఇనుము తరుగుతుంటే దోషి ఫెర్రిక్ అయాన్, అంటే ద్రావణంలో కరిగి ఉన్న, మూడు ధనావేశాల ఇనుము. రెండు ఫెర్రిక్ అయాన్లు ఒక ఇనుప పరమాణువును కరిగిస్తాయి. ద్రావణాన్ని పాత రాగి పొడి మీదుగా పోనిస్తే ఫెర్రిక్ తగ్గే మాట నిజమే. కానీ అలా కరిగిన రాగిని మళ్లీ దించడానికి అంతే ఇనుము కావాలి, మిగిలేదేమీ లేదు. సల్ఫర్ డయాక్సైడ్‌తో ముందే ఫెర్రస్‌గా (రెండు ధనావేశాల ఇనుముగా) మార్చడమే అసలు మందు.

బయటికి పోయే ద్రావణం ఇంకా నీలంగానే ఉందా?

ఇనుము మీద నూనె, రంగు, తుప్పు ఉండొచ్చు, లేదా దిగిన రాగి పొరగా అంటుకుని లోపలి ఇనుమును కప్పేసి ఉండొచ్చు. శుభ్రం చేసిన సన్నటి ముక్కలు వాడండి. తిరిగే డ్రమ్ములో దొర్లిస్తే పొర రాలిపోతుంది. గాలి ఊది కలపడం మాత్రం వద్దు. ఆక్సిజన్ అందితే ఆమ్లంలో దిగిన రాగే తిరిగి కరుగుతుంది, ఫెర్రస్ కూడా ఫెర్రిక్ అవుతుంది.

పొడిలో పసుపు-గోధుమ రంగు బురద

పీహెచ్ 3 దాటితే ఫెర్రిక్ హైడ్రాక్సైడ్ దిగి వడపోత గుడ్డను మూసేస్తుంది. పీహెచ్ తగ్గించండి, పొడిని పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడగండి.

ఆరబెడితే నల్లబడుతోంది

సన్నటి పొడికి ఉపరితలం చాలా ఎక్కువ, పైగా లోపల సల్ఫేట్ మిగిలితే తడిలోనే చెడుతుంది. కడిగిన నీటిలో బేరియం క్లోరైడ్ చుక్క వేసినా తెల్లగా మసకబారకుండా అయ్యేదాకా కడగండి. చివర్లో బెంజోట్రయజోల్ (రాగి చెడకుండా కాపాడే రసాయనం) ద్రావణంలో ముంచి, వాక్యూమ్‌లోగానీ నైట్రోజన్‌లోగానీ తక్కువ వేడిమీద ఆరబెట్టండి.

ద్రావణంలో ఆర్సెనిక్ ఉంటే

ఇది అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం. ఆమ్లంలో ఇనుము కరిగేచోట ఆర్సెనిక్ ఉంటే ఆర్సీన్ వాయువు పుడుతుంది. అది ప్రాణాంతకం. వెల్లుల్లి వాసన రావట్లేదు కదా అని నమ్మకండి, వాసన తెలియని మోతాదులోనూ అది హాని చేస్తుంది. ఆర్సెనిక్‌ను ముందే తొలగించాలి. మూసిన తొట్టి, గాలిని లాగేసే ఏర్పాటు, ఆర్సీన్ డిటెక్టర్ లేకుండా ఇనుము వేయకండి.