చిన్న టేబుల్ సాతో ఇంట్లోనే సర్క్యూట్ బోర్డులు కోయడం ఎలా?

ఒకటో రెండో బోర్డులకైతే మెషీను అక్కర్లేదు. స్టీలు స్కేలు ఆనించి, అక్రిలిక్ కోసే కత్తితో రెండు వైపులా ఒకే గీత మీద పలుమార్లు గట్టిగా గీకండి. బల్ల అంచున పెట్టి వంచితే ఠక్కున విరుగుతుంది. కానీ బోరు మోటారు ఆటో స్టార్టర్లకో, ట్యాంకు నిండగానే మోటారు ఆపే సర్క్యూట్లకో ఒకే కొలత ముక్కలు పదుల లెక్కన కావాలంటే అలా గీక్కుంటూ కూర్చోలేం. అలాంటివాళ్లకు 12 లేదా 24 వోల్టుల డీసీ మోటారుతో నడిచే బుల్లి టేబుల్ సా (బల్ల మధ్య సందులోంచి గుండ్రటి బ్లేడు పైకి తేలి తిరిగే రంపం) బాగా పనికొస్తుంది. అయితే దీన్ని వడ్రంగి రంపంలా వాడకూడదు. బోర్డు చెక్క జాతి కాదు, రాతి జాతి. తాడిపత్రిలో బండలు కోసేవాళ్లకు ఉన్నట్టే ఇక్కడా దుమ్ముతో ప్రమాదం ఉంటుంది.

బోర్డు, బ్లేడు

మామూలుగా దొరికే రాగి బోర్డులు రెండు రకాలు. గోధుమ రంగులో ఉండి, వెలుతురు కనబడనిది కాగితం, ఫినాలిక్ కలిపి చేసింది. లేత పసుపు పచ్చగా ఉండి, లైటుకు ఎదురు పెడితే వెలుతురు కనిపించేది గ్లాస్ ఎపాక్సీ. దాన్నే ఎఫ్‌ఆర్-4 అంటారు. మందం సాధారణంగా 1.6 మిల్లీమీటర్లు, పైన రాగి పొర 35 మైక్రాన్లు.

కాగితం బోర్డుకు మెషీనుతోపాటు వచ్చే హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) పళ్ల బ్లేడు చాలు. గాజు బోర్డు మీద అదే వాడితే కొన్ని కోతలకే పళ్లు మొద్దుబారతాయి. తర్వాత అది కోయదు, రుద్దుతుంది. అంచు నల్లబడి కమురు వాసన వస్తుంది. గాజుకు కార్బైడ్ పళ్లదో, అంచున డైమండ్ పొడి అంటించినదో తీసుకోండి. డైమండ్ డిస్కు నెమ్మదిగా కోస్తుంది కానీ అంచు నున్నగా వస్తుంది. మరీ పల్చటి డిస్కు కొనకండి, ఒత్తిడికి పక్కకు వంగి గీత వంకరపోతుంది.

మెషీను బిగించడం

ఈ రంపాలన్నిటికీ ఉన్న లోపం బరువు లేకపోవడం. మోటారు తిరగగానే బల్ల మీద నడుస్తాయి. మన దగ్గర దీనికి తేలికైన మందుంది: ఒక కడప బండ ముక్క. అడుగున రబ్బరు మ్యాటు వేసి, బండకు నాలుగు రంధ్రాలు కొట్టి మెషీనును బోల్టులతో బిగిస్తే అదురు చాలావరకు పోతుంది.

తర్వాత మోటారు తిరిగే దిశ చూడండి. డీసీ మోటారుకు ప్లస్సు, మైనస్సు తారుమారైతే బ్లేడు వెనక్కి తిరుగుతుంది. మీ వైపున్న పళ్లు పైనుంచి కిందికి దిగాలి. అలా దిగకపోతే కరెంటు తీసేసి వైర్లు మార్చండి. సరిపడా ఆంపియర్లు లేని అడాప్టరు పెడితే మోటారు స్టార్టింగులోనే ఆగిపోతుంది, లేదా కోత మధ్యలో మూలుగుతుంది.

ఇక అసలు పని గైడు పట్టీని, అంటే బోర్డును ఆనించి తోసే పట్టీని, సరిచేయడం. తిన్నని గీత చేతివాటం వల్ల రాదు, ఈ పట్టీ వల్ల వస్తుంది. మోటారు ఎంత బలమైనదని అందరూ అడుగుతారు గానీ, పట్టీ ఎంత నేరుగా ఉందని అడిగేవాళ్లు తక్కువ. ప్లగ్గు పీకేసి, బ్లేడు మీద ఒక పన్నుకు మార్కరుతో గుర్తు పెట్టండి. ఆ పన్నును ముందుకు తెచ్చి, దాన్నుంచి పట్టీకి ఉన్న దూరాన్ని వెర్నియర్‌తో కొలవండి. బ్లేడును చేత్తో తిప్పి అదే పన్నును వెనక్కి తీసుకెళ్లి మళ్లీ కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. వెనక దూరం తక్కువగా ఉంటే బోర్డు బ్లేడుకూ పట్టీకీ మధ్య ఇరుక్కుని మీ మీదికే ఎగిరివస్తుంది. బ్లేడు నిటారుగా ఉందో లేదో మూలమట్టంతో చూడండి. ఎత్తు మార్చే వీలుంటే బ్లేడు బోర్డు మీదికి 2, 3 మిల్లీమీటర్లు తేలితే చాలు.

బ్లేడు పక్కనున్న సందు వెడల్పుగా ఉంటే సన్నటి ముక్కలు అందులో పడి ఇరుక్కుంటాయి. సన్‌మైకా ముక్కను బోర్డులాగే ముందు నుంచి తోసి, సగం కోశాక మోటారు ఆపి, అక్కడే బల్లకు టేపుతో అంటించేయండి. ఇక బ్లేడుకు ఎంత కావాలో అంతే సందు ఉంటుంది.

కొలత లెక్క

బ్లేడు మందమంత బోర్డు పొడి అయిపోతుంది. ఆరు అంగుళాల బోర్డంటే 152.4 మిల్లీమీటర్లు. 1 మిల్లీమీటరు బ్లేడుతో 50 చొప్పున మూడు ముక్కలకు రెండు కోతలు, అంటే 152. కాగితం మీద సరిపోయింది. కానీ కొన్న బోర్డు అంచు తిన్నగా ఉండటం అరుదు, దాన్ని సరిచేసే మొదటి కోతకే ఒక మిల్లీమీటరు పోతుంది. అందుకే డిజైనులోనే 49 పెట్టుకోండి. రాగి గీతలు కూడా అంచుకు కనీసం 1 మిల్లీమీటరు లోపలే ఉండాలి.

ఒకే రకం బోర్డులు చాలా కావాలంటే పెద్ద షీటు మీదే అన్నీ ప్రింటు వేసి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి అక్కర్లేని రాగిని కరిగించి, రంధ్రాలు కూడా వేసి, చివర్లో కోయడం నయం. డ్రిల్లు కింద చిన్న ముక్కను పట్టుకోవడం కంటే పెద్ద షీటును పట్టుకోవడం సులువు. సోల్డరింగు మాత్రం కోతలన్నీ అయ్యాకే.

కోత

రాగి ముఖం పైకి పెట్టండి. పళ్లు పైనుంచి దిగుతాయి కాబట్టి గరుకు అంచు కిందివైపే వస్తుంది. రెండు వైపులా రాగి ఉంటే కిందివైపు మాస్కింగ్ టేపు వేయండి.

ముందు ఒక అంచు తిన్నగా చేసుకుని, ఆ అంచును గైడు పట్టీకి ఆనించి బోర్డును నిలువుగా పొడవాటి ముక్కలు కోయండి. తర్వాత వాటిని అడ్డంగా ముక్కలు చేయండి. అడ్డకోతకు మైటర్ గేజ్ (ముక్కను బ్లేడుకు అడ్డంగా పట్టి తోసే సాధనం) వాడేటప్పుడు గైడు పట్టీని దూరంగా జరపండి, రెంటినీ కలిపి వాడితే తెగిన ముక్క మధ్యలో చిక్కుకుని ఎగురుతుంది. బ్లేడుకు నేరుగా నిలబడకండి, కాస్త పక్కకు నిలబడండి. చివరి రెండు అంగుళాలు వేలితో తోయొద్దు, చెక్కపుల్ల వాడండి. కళ్లద్దాలు తప్పనిసరి, గ్లౌజులు మాత్రం వద్దు, బ్లేడు పట్టిందంటే చేతిని కూడా లాగేస్తుంది. పైట, చున్నీ, వదులు చేతులు బిగించుకోండి.

ఎంత వేగంగా తోయాలో మోటారు శబ్దమే చెబుతుంది. గొంతు దిగితే తోయడం తగ్గించండి.

దుమ్ము

గాజు దుమ్ము చర్మానికి దురద, ఊపిరితిత్తులకు చేటు. ఎన్95 మాస్కు ముక్కుకు సందు లేకుండా పెట్టుకోండి, చేతిరుమాలు చాలదు. అనంతపురం ఎండల్లో మాస్కు పెట్టుకుని ఫ్యాను ఆపేయమంటే ఎవరికైనా కష్టమే. కానీ ఫ్యాను వేస్తే దుమ్ము ఇల్లంతా చేరుతుంది. తెల్లవారుజామున, ఆరుబయట, గాలి మీ వెనక నుంచి వీచేలా కూర్చుని కోసుకోవడం మేలు.

వ్యాక్యూమ్ ఉంటే గొట్టం బ్లేడు కిందికి పెట్టండి. హెపా ఫిల్టరు (సన్నటి దుమ్మును కూడా పట్టేసేది) లేని వ్యాక్యూమ్ సన్నటి దుమ్మును వెనకనుంచి మళ్లీ వదిలేస్తుంది, దాన్ని గది బయట ఉంచండి. బండలు కోసినట్టు నీళ్లు పోయడం ఇక్కడ కుదరదు, మోటారు బ్లేడు పక్కనే ఉంటుంది. ఈ పొడిలో రాగి కూడా ఉంటుంది కాబట్టి పవర్ సప్లైని దూరంగా పెట్టండి, దాని రంధ్రాల్లోకి పోతే షార్టవుతుంది.

పనయ్యాక ఊడవొద్దు, ఊదొద్దు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. చేతులు చన్నీళ్లతో రుద్దకుండా కడిగి, ఆ బట్టలు విడిగా ఉతకండి.

అంచులు నున్నగా చేయడానికి 400 నంబరు వాటర్ పేపరును చదునైన బండ మీద పరిచి, తడిపి, ముక్కను నిలబెట్టి నాలుగైదుసార్లు రుద్దితే చాలు. సరిగ్గా కొలతకు తెగిన ముక్కొకటి పక్కన పెట్టుకోండి. మళ్లీ అదే సైజు కావలసినప్పుడు ప్లగ్గు పీకి, దాన్ని బ్లేడుకూ గైడుకూ మధ్య పెట్టి పట్టీ బిగించేయొచ్చు, స్కేలుతో పని ఉండదు.