అప్పు తెచ్చుకోకండి, కట్ట విప్పండి

52 లోంచి 27 తీసేయమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. 2 లోంచి 7 పోదు కాబట్టి, తిప్పేసి 7 లోంచి 2 తీసేస్తారన్నమాట. అలా రాస్తే కోప్పడకండి, పుల్లలు తీయండి.

పదేసి పుల్లలకి రబ్బరు బ్యాండు వేసి 5 కట్టలు, విడిగా 2 పుల్లలు పెట్టండి. "ఏడు ఇవ్వు" అని అడగండి. రెండే ఉన్నాయే అని కాసేపు చూసి, చాలాసార్లు వాళ్లే ఒక కట్ట విప్పుతారు. విప్పేదాకా మీరు చెప్పకండి. ఇప్పుడు 4 కట్టలు, 12 పుల్లలు. ఏడు తీస్తే 5, రెండు కట్టలు తీస్తే 2. జవాబు 25. వెంటనే కాగితం మీద 52లోని 5 కొట్టేసి 4, 2 కొట్టేసి 12 రాయించండి.

తీసివేతలో పక్క అంకె దగ్గర "అప్పు" తెచ్చుకోమంటారే, ఆ మాట నాకు నచ్చదు. తిరిగి ఇవ్వని అప్పేంటి? "కట్ట విప్పు" అంటే సరిపోతుంది.

మధ్యలో సున్నా వస్తేనే అసలు టెన్షన్. 403 − 158 లో 40ని ఒకే ముక్కగా, అంటే 40 కట్టలుగా చూడమనండి. ఒకటి విప్పితే 39 కట్టలు, 13 పుల్లలు. 13 లోంచి 8 పోతే 5, 39 లోంచి 15 పోతే 24. జవాబు 245.