బోరు నీళ్ల ఊళ్లో ఉప్పునీటి అక్వేరియం ఎలా ఏర్పాటు చేసుకోవాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఉప్పునీటి అక్వేరియం మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది తొలి వేసవి దాటకముందే తొట్టిని ఖాళీ చేసి అటకెక్కిస్తున్నారు. సముద్రం దూరమనీ, ఎండలు ఎక్కువనీ కారణాలు చెబుతారు కానీ, నేను చూసిన తొట్లలో ఎక్కువ భాగం చెడిపోయింది ఉప్పు కలపడానికి ముందు వాడిన మంచినీటి వల్లనే. అందుకే తొట్టి సంగతి క్లుప్తంగానూ, నీటి సంగతి వివరంగానూ రాస్తున్నాను.

తొట్టి, పరికరాలు

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి కట్టుకోండి. ఇంతకంటే చిన్నది మొదటిసారి వద్దే వద్దు, ఎందుకంటే నీరు తక్కువయ్యే కొద్దీ వేడీ ఉప్పు శాతమూ వేగంగా మారిపోతాయి. 10 మి.మీ. అద్దాన్ని కోయించి, అంచులు రుద్దించి, ఫంగస్ మందు కలపని అక్వేరియం సిలికాన్‌తో అతికించి, వారం రోజులు ఆరనిచ్చి, ఆరుబయట నీళ్లు నింపి ఒక రోజంతా కారడం లేదని చూసుకోవాలి. నిండిన తొట్టి సుమారు 250 కిలోల బరువు తూగుతుంది. ఇనుప స్టాండు ఉప్పు తగిలి తుప్పు పడుతుంది కనుక ఇటుకలతో అరుగు కట్టి, పైన గ్రానైట్ బండ వేసి, దాని మీద థర్మాకోల్ షీటు పరిచి తొట్టిని నిలపాలి. పడమటి గోడ పక్కన మాత్రం పెట్టకూడదు.

వేవ్‌మేకర్ (నీటిని అలల్లా కదిలించే పంపు), ప్రొటీన్ స్కిమ్మర్ (మురికిని నురగగా తీసేసే పరికరం), ఎల్ఈడీ లైటు, డిసెంబరు, జనవరి రాత్రుల కోసం ఒక హీటరు, థర్మామీటరు, రిఫ్రాక్టోమీటరు (నీటి ఉప్పదనాన్ని కొలిచేది), టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన పదార్థాల మొత్తాన్ని లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపేది), అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ పరీక్షల కిట్లు కొనుక్కోవాలి. అడుగున అరగొనైట్ ఇసుక, దాని మీద పన్నెండు నుంచి పదిహేను కిలోల ఎండు రాయి (జీవులు లేని, రంధ్రాలున్న సముద్రపు రాయి) సరిపోతాయి. అరగొనైట్ కాల్షియం కార్బొనేట్ కనుక సముద్రపు తొట్టికి తగినది, మూసీ ఇసుక, కృష్ణా ఇసుక తగవు.

నీళ్లు

ఇక్కడ తొందర పనికిరాదు. మన దగ్గర నీళ్లంటే అందరికీ ముందు ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలు పడిన బాధ తెలిసిన వాళ్లకు అది సహజమే. అయితే అక్వేరియం విషయంలో ఫ్లోరైడ్ గురించి కంగారు పడనక్కరలేదు, ఎందుకంటే సముద్రపు నీటిలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. తొట్టిని చెరిపేవి బోరు నీటిలో ఉండే నైట్రేట్లు, ఫాస్ఫేట్లు, మన గ్రానైట్ నేలల నుంచి కరిగి వచ్చే సిలికా. అద్దాల మీద గోధుమ రంగు పొర పట్టి ఎంత తుడిచినా మళ్లీ మళ్లీ వస్తుంటే అందులో సిలికా పాత్ర ఉందని అనుమానించాలి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు, అది తాగునీటి కోసం పుట్టిన మేలైన పద్ధతి, కానీ ఆ నీళ్లు ఈ తొట్టికి పనికిరావు.

ఇంట్లో ఆర్వో మిషను ఉంది కదా అని చాలామంది దాని నల్లా కిందే బిందె పెడతారు. తాగే నీటికి రుచి రావడం కోసం చాలా మిషన్లలో టీడీఎస్ కంట్రోలర్ కొంత మామూలు నీటిని మళ్లీ కలుపుతుంది, పైగా మినరల్ కార్ట్రిడ్జ్ కూడా ఉంటుంది. ఈ రెండింటికీ ముందే, మెంబ్రేన్ (ఆర్వోలో లవణాలను వడగట్టే పొర) నుంచి నేరుగా వచ్చే గొట్టానికి వేరే జాయింటు వేయించుకోవాలి. అప్పటికీ పని పూర్తి కాదు. మెంబ్రేన్ వందలో తొంభై అయిదు పాళ్లు ఆపిందనుకున్నా, 1,000 టీడీఎస్ ఉన్న బోరు నీరు 50 దగ్గర నిలుస్తుంది. దాని తరువాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టుకునే గుళికలు) గొట్టం పెట్టి మీటరు సున్నా చూపించే దాకా తేవాలి, మీటరు రెండు దాటిన రోజే రెసిన్ మార్చాలి. బోరు కంటే మిషన్ భగీరథ నల్లా నీళ్లే మేలని నా నిశ్చితాభిప్రాయం. వాటిలో లవణాలు తక్కువ కనుక రెసిన్ ఎక్కువ కాలం వస్తుంది. కాకపోతే వాటిలోని క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది కాబట్టి ముందుండే కార్బన్ ఫిల్టరును వేళకు మార్చాలి.

యాభై టీడీఎస్ ఏపాటిదని అనేవాళ్లు ఈ లెక్క చూడాలి. వేసవిలో ఫ్యాను గాలి తగిలే తొట్టి నుంచి రోజుకు నాలుగు లీటర్ల దాకా ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. కనుక రోజూ మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు పోస్తే ఉప్పదనం పెరిగిపోతుంది. నాలుగు లీటర్ల యాభై టీడీఎస్ నీటితో రోజుకు 200 మిల్లీగ్రాముల చెత్త లోపలికి పోతుంది, మూడు నెలల్లో అది 18 గ్రాములవుతుంది. మొదటి రోజు శుభ్రమైన నీళ్లు వాడి, తరువాత బోరు నీళ్లు పోసేవాళ్ల తొట్లు అందుకే పాకురుతో నిండిపోతాయి.

బాపట్ల దగ్గరి సూర్యలంక నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చుకునే వాళ్లున్నారు. ఒడ్డు నీటిలో బురద ఉంటుంది, కృష్ణా, గోదావరి వరదలు కలిసినప్పుడు ఉప్పు తగ్గిపోతుంది, క్యాన్‌లో మూతపెట్టిన సూక్ష్మజీవులు దారిలోనే చచ్చి కుళ్లుతాయి. కిరాణా కొట్టు గల్లుప్పు కూడా కుదరదు. ఉప్పు మడుల్లో కాల్షియం ముందే జిప్సంగా దిగిపోతుంది, మెగ్నీషియం చివరి చేదు నీటితో పాటు బయటికి పోతుంది, మనకు మిగిలేది దాదాపు వట్టి సోడియం క్లోరైడే. అక్వేరియం కోసం తయారైన సముద్రపు ఉప్పే కొనాలి.

రసాయనాలు నింపిన చరిత్ర లేని 200 లీటర్ల డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, పంపు తిరుగుతుండగా ఉప్పును కొద్దికొద్దిగా వేయాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం గడ్డకట్టి నీరు పాలలా మారుతుంది, అది మళ్లీ కరగదు. ఇసుక, రాయి పోను ఈ తొట్టికి పట్టే 160 లీటర్లకు సుమారు ఆరు కిలోల ఉప్పు పడుతుంది. ఒక రోజంతా తిరగనిచ్చి, 25 డిగ్రీల దగ్గర రిఫ్రాక్టోమీటరుతో కొలిస్తే 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్ల ఉప్పు) రావాలి. రిఫ్రాక్టోమీటరును మంచినీటితో కాదు, 35 పీపీటీ ద్రావణంతోనే సరిచూసుకోవాలి. ముల్లు కదిలే చవక హైడ్రోమీటరు మీద నమ్మకం పెట్టుకోకండి.

చేపలు లేని నెలన్నర

నీళ్లు తొట్టిలోకి ఎక్కిన రోజే చేపలు వదలకూడదు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపు అమ్మోనియాను మార్చే బాక్టీరియా ముందు తొట్టిలో పెరగాలి. లైట్లు ఆపి, అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియాను 2 పీపీఎంకు (పది లక్షలకు రెండు పాళ్లకు) తెచ్చి, సీసాలో దొరికే బాక్టీరియా వేసి వదిలేయాలి. అమ్మోనియా నైట్రైట్‌గా, నైట్రైట్ నైట్రేట్‌గా మారే ఈ పనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. 2 పీపీఎం వేసిన ఇరవై నాలుగు గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే తొట్టి సిద్ధమైనట్టు. అప్పుడు మూడో వంతు నీళ్లు మార్చాలి. జులై, ఆగస్టుల్లో మొదలుపెడితే దసరా నాటికి చేపలు వస్తాయి, ఎండలకు ముందు తొట్టి కుదురుకోవడానికి అయిదు నెలలు మిగులుతాయి. ఏప్రిల్‌లో మాత్రం ఎవరూ మొదలుపెట్టకూడదు. గది వేడి 38 దాటినప్పుడు ఫ్యానుతో నీరు మూడు నాలుగు డిగ్రీలే దిగుతుంది, మనకు కావలసిన 25, 26కు తేవాలంటే ఏసీ గదైనా, నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమైనా ఉండాలి. కరెంటు పోయినప్పుడు పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు తప్పనిసరి, ఎందుకంటే వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ.

మొదటి చేపలుగా హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ జంటను తేవాలి. వాటిని హేచరీలో పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించింది, సముద్రంలో పట్టిన వాటికంటే అవి తొట్టికి తొందరగా అలవాటు పడతాయి. సముద్రపు గుర్రాలు, మన సముద్రాల పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి, ఎవరు అమ్మజూపినా తీసుకోకూడదు. సంచిని పావుగంట నీటి మీద తేలనిచ్చి, సంచి నీటి ఉప్పును కొలిచి, తేడా ఉంటే తొట్టి నీటిని చుక్క చుక్కగా సంచిలోకి దింపి, చివరికి చేపను మాత్రమే వలతో తొట్టిలోకి వదలాలి. కొట్టు నీటిని పారబోయాలి.