సర్కారు సొమ్ముతో విదేశాలకు ప్రసారాలు చేసే సంస్థ: స్వతంత్రత ఉందో లేదో తేల్చుకోవడం ఎలా?

సంస్థ వెబ్‌సైట్‌లోని 'మా గురించి' పేజీని పక్కన పెట్టి, దాన్ని నడిపించే చట్టం తెరవండి. అధిపతిని ఎవరు నియమిస్తారు, ఎవరు తీసేయగలరు అన్నది వెతకండి. రెండోదే అసలు ప్రశ్న.

తర్వాత పర్యవేక్షక మండలిలో తలలు లెక్కపెట్టండి. జర్మనీ నుంచి విదేశాలకు ప్రసారాలు చేసే డాయిష్ వెల్లేకు డబ్బు ఫెడరల్ (కేంద్ర) బడ్జెట్ నుంచే వస్తుంది. అయినా 17 మంది ప్రసార మండలిలో బుండెస్టాగ్ (పార్లమెంటు దిగువ సభ), బుండెస్రాట్ (రాష్ట్రాల సభ), కేంద్ర ప్రభుత్వం తరఫువాళ్లు ఏడుగురే. మిగతా పదిమంది మత, కార్మిక, సాంస్కృతిక తదితర సంఘాలవాళ్లు. సంస్థ అధిపతి అయిన డైరెక్టర్ జనరల్‌ను ఎన్నుకునేది ఈ మండలే.

ఇక సర్కారుకూ వార్తలకూ మధ్య ఉండే గోడ ఎక్కడ బీటలు వారుతుందో అమెరికాలో చూడండి. విదేశాల కోసం సర్కారు నడిపే వాయిస్ ఆఫ్ అమెరికా వార్తలు నిష్పాక్షికంగా ఉండాలని 1976లోనే చట్టం చేశారు. 2016 డిసెంబరు నాటి చట్టం, ఇలాంటి ప్రసార సంస్థలను పర్యవేక్షించే బోర్డు అధికారాలను ఒకే సీఈఓ చేతికిచ్చింది. 2020 జూన్‌లో వచ్చిన సీఈఓ అమెరికా సర్కారు సొమ్ముతోనే నడిచే రేడియో ఫ్రీ యూరప్, రేడియో ఫ్రీ ఏషియా అధిపతులను సాగనంపాడు. ఇలాంటి అధిపతుల మార్పుకు ఒక సలహా బోర్డు ఆమోదం తప్పనిసరి చేస్తూ తర్వాత చట్టం సవరించారు. 2025 జనవరిలో ఆ బోర్డు సభ్యులనే తొలగించారు. కాబట్టి కాపలాదారుకు కాపలా ఎవరో కూడా చట్టంలో చూడాలి.

చివరగా బడ్జెట్. డబ్బు కోసం సర్కారు ముందు ఏటా చేయి చాచాల్సి వస్తే, చట్టం ఎంత బాగున్నా ఒత్తిడి తప్పదు.