సోషల్ మీడియా ఖాతా తీసేసే ముందు

యాజమాన్యం మీద నమ్మకం పోయి ఎక్స్ నుంచో ఫేస్‌బుక్ నుంచో బయటికి వచ్చేద్దామనుకుంటున్నారా? రండి, తప్పేం లేదు. కాకపోతే కోపంలో డిలీట్ నొక్కకుండా ముందు ఇవి చూసుకోండి.

• మీ డేటా కాపీ దించుకోండి. ఎక్స్‌లో ఈ కాపీ (ఆర్కైవ్) అడిగిన వెంటనే రాదు, ఒక రోజో అంతకన్నా ఎక్కువో పడుతుంది. వచ్చిన జిప్ ఫైల్‌ను విప్పి, పాత ఫొటో ఒకటి తెరుచుకుంటుందో లేదో చూడండి. డిలీట్ నొక్కాక మనసు మార్చుకోవడానికి రెండు చోట్లా గడువు 30 రోజులే. అది దాటాక ఎంత బతిమాలినా ఏదీ తిరిగి రాదు.

• ఆ ఖాతాతో లాగిన్ అయ్యే వేరే యాప్‌లు ఏమున్నాయో సెట్టింగ్స్‌లో వెతకండి. ఒక్కోదానికీ ఈమెయిల్, పాస్‌వర్డ్ పెట్టుకోండి. లేకపోతే వాటిలోకీ వెళ్లలేరు. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే.

• ఫేస్‌బుక్ పేజీకి మీరొక్కరే అడ్మిన్ అయితే ఇంకొకరికి అప్పగించండి. లేకపోతే మీతోపాటు పేజీ కూడా పోతుంది. ఆ ఖాతాతో వాడే మెసెంజర్ కూడా పోతుంది.

• పంపిన మెసేజ్‌లు అవతలివాళ్ల దగ్గర ఉండిపోతాయి. ఖాతా తీసేస్తే అవీ చెరిగిపోతాయని అనుకోకండి.

• ఎక్స్‌లో మీ పేరు నలుగురికీ తెలిసిందా? ఖాతా పోయాక ఆ యూజర్‌నేమ్ వేరేవాళ్లు తీసుకునే వీలుంది. అలాంటివాళ్లు పోస్టులు తీసేసి, కొత్త చిరునామా పిన్ చేసి, ఖాతాను తీసేయకుండా ఉంచుకుని, అప్పుడప్పుడు లాగిన్ అవుతూ ఉండడం మేలని నా అభిప్రాయం.

• ఫోన్‌లోంచి యాప్ తీసేయండి. గడువులోపు అలవాటుగా లాగిన్ అయితే మళ్లీ మొదటికే రావచ్చు.